మా ఊరి చెరువు పని: చెత్త నుంచి మోరీ దాకా

జనవరి

హనుమకొండ జిల్లా శాయంపేట వైపున్న మా ఊరి చెరువు పెద్దదేమీ కాదు. పాకాల, రామప్ప, లక్నవరం పేర్లు తెలిసిన వాళ్లకు కూడా దీని పేరు తెలియదు. అయినా ఇది ఒంటరి చెరువు కాదు. కాకతీయుల కాలం నుంచి ఈ ప్రాంతంలో చెరువులను గొలుసుకట్టుగా కట్టుకుంటూ వచ్చారు. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లు మాకు వస్తాయి, మా మత్తడి దుంకితే కింది ఊరికి పోతాయి. అక్కడి నుంచి చలివాగు, మానేరు మీదుగా గోదావరిలో కలుస్తాయి. గోదావరి పాయల్లో ఒకటి అంతర్వేది దగ్గర బంగాళాఖాతంలోకి పోతుంది. సముద్రం మాకు ఎంత దూరమైనా, మా కట్ట మీద పారేసిన గుట్కా కవర్‌కు అక్కడిదాకా దారి ఉంది.

ఈ డైరీ రాయడానికి కారణం ఒకటే. చెరువు బాగు చేద్దామని ఊళ్లో ముందు కూడా పనులు జరిగాయి. ఒక రోజు వంద మంది వచ్చి చెత్త ఏరతారు, ఫొటోలు దిగుతారు, నెల తిరగకముందే కట్ట మళ్లీ అట్లనే ఉంటుంది. ఎక్కడ ఏం చేశామో, ఏది నిలిచిందో రాసిపెట్టుకుంటే వచ్చే ఏడు పని చేసేవాళ్లకు పనికొస్తుంది.

మాలో మహిళా సంఘం అక్కలున్నారు, మత్స్యకారుల సొసైటీ వాళ్లున్నారు, డిగ్రీ చదివే పిల్లలున్నారు, ఇరిగేషన్‌లో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీర్‌గా) రిటైరైన ఒక సారు ఉన్నారు. అందరికంటే ముఖ్యం నీరటి పెద్దయ్య. వాళ్ల ఇంట్లో తరతరాలుగా తూము తీసేది, మూసేది వాళ్లే. ఇప్పుడు బోర్లు వచ్చాక ఆ పని తగ్గింది కానీ, చెరువు గురించి ఆయనకు తెలిసినంత ఏ రికార్డులోనూ లేదు.

పని మొదలుపెట్టే ముందు పెద్దయ్య మమ్మల్ని చెరువు చుట్టూ తిప్పాడు. తూము, మత్తడి, పై నుంచి నీళ్లు తెచ్చే కట్టుకాలువ, శిఖం భూమి (నీళ్లు తగ్గితే తేలే చెరువు లోపలి నేల), చాకలి రేవు, బతుకమ్మలు వేసే మెట్లు అన్నీ చూపించాడు. చివరికి ఊరి మోరీ, అంటే మురుగు కాలువ, వచ్చి చెరువులో పడేచోట ఆగాడు. అక్కడ నీళ్లు నల్లగా ఉన్నాయి, ఆ నలుపు చుట్టూ గుర్రపుడెక్క నడుము ఎత్తున పెరిగి ఉంది. "మీరు దెక్క తీస్తమంటున్నరు. దానికి అన్నం పెట్టేది ఇది. ఇది చూడకుంట దాన్ని ఎంత పీకినా లాభం లేదు బిడ్డా" అన్నాడు. ఏడాది పొడుగునా మా పని అంతా ఈ మాట చుట్టే తిరిగింది.

ఫిబ్రవరి

ముందు కట్ట మీది చెత్త. ఏరడం ఎవరైనా చేస్తారు, మేం ఏరినదాన్ని రకాలుగా విడదీసి రాసుకున్నాం. ఈ పద్ధతి సముద్రతీరాల వాళ్లది. 1986లో అమెరికాలోని టెక్సస్ తీరంలో మొదలైన అంతర్జాతీయ తీర శుభ్రత కార్యక్రమంలో వాలంటీర్లు చెత్తను సంచిలో వేయడంతో ఆగరు, ఏ వస్తువులు ఎన్ని దొరికాయో కార్డు మీద రాస్తారు. ఏటా సెప్టెంబర్ మూడో శనివారం చాలా దేశాల్లో ఇట్లాగే చేస్తారు. ముంబైలో వర్సోవా బీచ్‌ను 2015 నుంచి వాలంటీర్లు వారం వారం శుభ్రం చేస్తూ వచ్చిన సంగతి మా డిగ్రీ పిల్లలకు తెలుసు. బీచ్ అయినా చెరువు గట్టు అయినా, ఏమొస్తున్నదో తెలిస్తేనే ఎక్కడి నుంచి వస్తున్నదో తెలుస్తుంది.

మాకు తెలిసింది ఇది. కట్ట మీద ఎక్కువ ఉన్నవి మందు సీసాలు, వాటి వెంట వాటర్ ప్యాకెట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, గుట్కా కవర్లు. మెట్ల దగ్గర పూజ సామాను కవర్లు, థర్మాకోల్ ముక్కలు. శిఖం వైపు, అంటే పత్తి, మిర్చి చేన్ల వైపు, పురుగుమందు డబ్బాలు. మూడు చోట్ల మూడు రకాల చెత్త, మూడు రకాల మనుషులు. అందరికీ ఒకే బోర్డు పెట్టి "చెత్త వేయరాదు" అని రాస్తే ఎవరికీ తగలదు.

ఈ మూడింటిలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది పురుగుమందు డబ్బాలే. స్ప్రేయర్‌ను చెరువు అంచున కడిగే అలవాటు ఊళ్లో చాలామందికి ఉంది. నీళ్లు దగ్గర కాబట్టి సులువు. కానీ సైపర్‌మెత్రిన్ లాంటి మందులు చాలా కొంచెం కలిసినా చేపలు చచ్చిపోతాయి. సొసైటీ పెద్దలు ఇంటింటికీ తిరిగి రైతులకు చెప్పింది ఒకటే: డబ్బా ఖాళీ అయ్యాక మూడుసార్లు నీళ్లతో గిలకరించి, ఆ నీళ్లను స్ప్రేయర్‌లోనే పోసి చేనుకే కొట్టండి. మందు వృథా కాదు, చెరువులో పడదు. కొన్న మందు ఒక్క బొట్టు కూడా పోదు అనేసరికి రైతులు విన్నారు. స్ప్రేయర్ కడగడానికి చేను దగ్గరే బోరు నీళ్లు ఒక డ్రమ్ములో పెట్టుకుంటున్నారు.

థర్మాకోల్ ముక్కలు పండుగ డెకరేషన్‌వే అనుకున్నాం. చూస్తే సగం మత్స్యకారుల తెప్పలవి. వల వేయడానికి వాళ్లు వాడేది థర్మాకోల్ తెప్పే. చవక, తేలిక, ఒక్కరే భుజాన వేసుకుని పోవచ్చు. ఎండకు పొడిబారి అంచులు రాలుతుంటే ఆ తెల్లగింజలు నీటి మీద తేలుతాయి, చేపలు మేత అనుకుని మింగుతాయి. సొసైటీ వాళ్లే దీనికి దారి చూశారు. తెప్పను ఖాళీ యూరియా సంచుల్లో బిగించి కుట్టేశారు, ఇప్పుడు గింజలు రాలడం లేదు. తెప్ప కూడా ఎక్కువ రోజులు వస్తదని వాళ్లే అంటున్నారు.

మార్చి, ఏప్రిల్

గుర్రపుడెక్క. ఏడాది మొత్తంలో ఒళ్లు అలిసింది ఈ పనిలోనే.

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా, అమెజాన్ ప్రాంతం. పువ్వు అందంగా ఉందని మనుషులు దేశదేశాలకు తీసుకుపోయారు, బెంగాల్ మీదుగా మన దేశానికి పందొమ్మిదో శతాబ్దం చివర్లో వచ్చింది. అనుకూలమైన వాతావరణం, మురుగు నీటి బలం దొరికితే రెండు వారాల్లో రెట్టింపు అవుతుంది. ఒక మొక్క పక్కకు కాడ చాపి ఇంకో మొక్కను పుట్టిస్తుంది. పువ్వు ఎండితే గింజలు నీటి అడుగుకు పోయి పూడికలో పదిహేను, ఇరవై ఏళ్లు బతికే ఉంటాయి. అందుకే ఒకసారి తీశాం అయిపోయింది అనడానికి లేదు. పూత రాకముందే తీయడం ఒక్కటే కొత్త గింజ పడకుండా ఆపే దారి.

మందు కొట్టి చంపుదామని కొందరు అన్నారు. సొసైటీ వాళ్లు ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. మందుతో చచ్చిన దెక్క నీళ్లలోనే కుళ్లుతుంది. కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ అంతా గుంజుకుంటుంది. ఇప్పటికే దెక్క కింద వెలుతురు లేక తెల్లవారుజామున రవ్వు, బొచ్చె పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. కొర్రమట్టకు గాలి పీల్చే శక్తి ఉంది కాబట్టి అది తట్టుకుంటుంది, రవ్వు, బొచ్చెలకు ఆ శక్తి లేదు. సొసైటీ వాళ్ల బతుకు వాటి మీదే. దెక్కను తినే నియోకెటినా అనే పురుగును మన దేశంలో 1980లలో విడిచారు. అది పనిచేస్తుంది కానీ ఏళ్లు పడుతుంది, ఊరి సంఘం చేతిలో ఉండే పని కాదు. మాకు మిగిలింది చేతులే.

చేతులతో తీసినా తెలివిగా తీయాలి. దెక్క వేరు నేలలో ఉండదు, నీటి మీద తేలుతూ గాలి ఎటు కొడితే అటు పోతుంది. ఈ సంగతి మత్స్యకారులకు తెలిసినంత మాకు తెలియదు. పడమటి గాలి తిరిగితే మొత్తం కట్ట వైపు వచ్చి చేరుతుంది, గాలి మారితే మళ్లీ చెరువంతా పరుచుకుంటుంది. కాబట్టి కట్ట దగ్గర చేరినప్పుడే దాన్ని అక్కడ ఆపాలి. పెద్ద తాడుకు మూతలు బిగించిన ఖాళీ బాటిళ్లు, వెదురు ముక్కలు కట్టి, రెండు తెప్పల మీద ఇద్దరు ఆ తాడును చుట్టూ లాక్కొచ్చి గట్టుకు కట్టేశారు. తాడు లోపలి దెక్క బయటికి పోదు, బయట తీసిన జాగా ఖాళీగానే ఉంటుంది. ఆ తర్వాత కొంకి కర్రలతో లాగడం, తట్టల్లో ఎత్తడం. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదిరే లోపు ఆపేవాళ్లం. ఏప్రిల్ ఎండలో మా దగ్గర పది దాటితే గట్టు మీద నిలబడలేం.

తీసిన దెక్కను గట్టు అంచున వదిలితే ఒక్క వానకు మళ్లీ నీళ్లలోకి జారి బతుకుతుంది. కట్ట అవతల దిగువకు మోయించాం. మొయ్యడమే అసలు కష్టం, ఎందుకంటే అందులో తొంభై శాతానికి పైగా నీళ్లే. నాలుగైదు రోజులు ఎండబెడితే కుప్ప కుంగి, బరువు బాగా తగ్గుతుంది. అప్పుడు పంచాయతీ ట్రాక్టర్‌లో డంపింగ్ యార్డుకు తీసుకుపోయి, పేడ ఒక వరుస, దెక్క ఒక వరుస పేర్చి తడిపి ఉంచాం. రెండు మూడు నెలల్లో ఎరువైంది. మహిళా సంఘం అక్కలు దాన్ని పంచాయతీ నర్సరీకి ఇచ్చారు. ఒక జాగ్రత్త చెప్పాలి. గుర్రపుడెక్క నీటిలోని సీసం, కాడ్మియం లాంటి లోహాలను కూడా పీల్చుకుంటుంది. ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చెరువులో తీసిన దెక్కతో కూరగాయలకు ఎరువు చేయకూడదు. మా చెరువులో కలిసేది ఇళ్ల నీళ్లే. అయినా ఈ ఎరువును చెట్ల మొక్కలకే వాడుతున్నాం.

పెద్దయ్య పట్టుబట్టి ముందు శుభ్రం చేయించింది మత్తడిని. నేను మెట్ల వైపు నుంచి మొదలుపెడదామన్నాను, ఎందుకంటే జనానికి కనిపించేది అది. ఆయన "మెట్లు కాదు బిడ్డా, మత్తడి" అన్నాడు. దెక్క వెళ్లి మత్తడికి అడ్డం పడితే వరద నీళ్లు పోవు, కట్ట మీది నుంచి పొర్లుతాయి. మట్టి కట్ట మీది నుంచి నీళ్లు పొర్లితే అది గంటల్లో తెగుతుంది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. అదే వానకు మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు మునిగింది. ఆ సంగతి ఈ చుట్టుపక్కల ఎవరూ మర్చిపోలేదు.

మే

పూడిక. చెరువులు బాగు చేసే సర్కారు పథకం మిషన్ కాకతీయ 2015లో మొదలైనప్పుడు రైతులు పూడిక మట్టిని చేన్లకు ఎట్లా తోలుకున్నారో అందరికీ గుర్తుంది. చెలక భూముల్లో ఆ మట్టి వేస్తే తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఈ ఎండాకాలం శిఖం వైపు, అనుమతి తీసుకుని, కొద్దిగా తోలుకున్నారు. కట్ట దగ్గర మాత్రం ఎవరినీ తవ్వనివ్వలేదు. కట్ట అడుగు దగ్గర గుంత పడితే కట్టే కుంగుతుంది.

కట్ట మీది సర్కారు తుమ్మ గురించి ఏఈ సారు చెప్పింది రాసిపెడుతున్నాను. పైన నరికితే మొదలు నుంచి ఇంకా గుబురుగా వస్తుంది. వేరుతో తీయాలి. తీస్తే గుంత మిగులుతుంది, ఆ గుంత గుండా నీళ్లు కారి బుంగ పడుతుంది. కాబట్టి వేరు తీసిన ప్రతి గుంతనూ బంకమట్టితో పొరలు పొరలుగా తడిపి, దిమ్మిస కొట్టి పూడ్చాలి. అందుకే ఎంత పూడ్చగలమో అంతే తీశాం.

జూన్

మోరీ. పెద్దయ్య జనవరిలో చూపించింది.

మోరీలో వచ్చేది స్నానాల నీళ్లు, బట్టల సబ్బు నీళ్లు, వంటింటి నీళ్లు, కొన్ని ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల ఊట. వీటిలోని నత్రజని, భాస్వరమే గుర్రపుడెక్కకు తిండి. మోరీని చెరువు నుంచి మళ్లించాలంటే అది పెద్ద ఖర్చు, ఊరి నీళ్లు ఇంకెక్కడికి పోవాలన్నది ఇంకో ప్రశ్న. చెరువులో పడకముందే కొంత శుభ్రం చేద్దాం అని సారు అన్నాడు. పంచాయతీ తీర్మానం చేయించాం. చెరువు ఎఫ్‌టీఎల్ గీతకు (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దుకు) ఇవతల, బయటి జాగాలోనే కట్టాలన్నది సారు పెట్టిన మొదటి నియమం. చెరువు బాగు కోసం చెరువులోనే కట్టడం మంచిది కాదన్నాడు.

పని ఇట్లా జరిగింది. ముందు ఒక ఇనుప జాలి, మోరీలో కొట్టుకొచ్చే కవర్లు అక్కడే ఆగడానికి. తర్వాత ఒక లోతైన గుంత, నీళ్లు నిదానించి మడ్డి కిందికి దిగడానికి. ఆ తర్వాత రెండడుగుల లోతు, పొడుగాటి కంకర మడి. నీళ్లు పైనుంచి కాకుండా కంకర లోపలి నుంచి పారేటట్టు వాలు పెట్టారు. కంకర మధ్య మెట్టతామర, జమ్ము నాటాం. మొక్కల వేర్లకు, కంకరకు అంటుకునే సూక్ష్మజీవులే మురుగును తినేవి, మొక్కలు వాటికి గాలి, ఇల్లు ఇస్తాయి, మిగిలిన బలాన్ని తాము పీల్చుకుంటాయి. హైదరాబాద్ నెక్నాంపూర్ చెరువులో 2018లో ఇట్లాంటి మొక్కలనే తెప్పల మీద పెంచి నీళ్ల మీద తేలేటట్టు పెట్టారు. మాకు గట్టు మీదే జాగా ఉంది కాబట్టి మడి చేశాం.

మెట్టతామర దుంపలు ఊళ్లో ఇళ్ల ముందు నుంచే వచ్చాయి. ఎర్ర పూలవి, పసుపు పూలవి. ఒక అవ్వ మడి పక్కన నిలబడి తన దుంపలు ఎక్కడ నాటాలో దగ్గరుండి చూసుకుంది. ఆమె రోజూ పొద్దున ఒకసారి వచ్చి చూసిపోతున్నది. జాలికి కవర్ పట్టిందంటే ముందు చెప్పేది ఆమే.

జూలై, ఆగస్టు

వానలు. మొదటి పెద్ద వానకు జాలి నిండిపోయింది, రాత్రిపూట కుర్రాళ్లు పోయి తీశారు. వరద వచ్చినప్పుడు మడి మీద భారం పడకుండా పక్క నుంచి పోయే దారి సారు ముందే పెట్టించాడు, అది పనిచేసింది. చెరువు నిండి మత్తడి దుంకింది. పెద్దయ్య మత్తడి మీద నిలబడి నీళ్లు పోయేది చూసి, "అడ్డం లేదు" అన్నాడు. ఆయన నోటి నుంచి అంతకంటే పెద్ద మెప్పు రాదు.

మడి దాటి వచ్చే నీళ్లలో వాసన బాగా తగ్గింది. నలుపు పోలేదు కానీ పలచబడింది. మోరీ పడేచోట దెక్క మళ్లీ వచ్చింది, ఇప్పుడది మోకాలు ఎత్తు దాటలేదు. పిల్లలు ఆదివారం పొద్దున పోయి పూత రాకముందే తీసేస్తున్నారు. ఒక గంటలో అయిపోతున్నది. మార్చిలో ఊరంతా కలిసి చేసిన పని ఇప్పుడు నలుగురి చేతుల్లో ఉంది.

సెప్టెంబర్

పండుగల నెల. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దని ఉంది. మా ఊళ్లో మూడు వాడల వాళ్లు మట్టి వినాయకుణ్ణి పెట్టారు, ఒక వాడ వాళ్లు ప్లాస్టర్ విగ్రహమే పెట్టారు. ఆ వాడ వాళ్లతో గొడవ పడలేదు, విగ్రహం మీది థర్మాకోల్, బట్టలు, ప్లాస్టిక్ పూలు తీసి నిమజ్జనం చేయమని అడిగాం, చేశారు. వచ్చే ఏడు విగ్రహం ఆర్డర్ ఇచ్చే ముందే, ఆషాఢంలోనే, వాళ్లతో కూర్చోవాలి. పండుగ వారంలో చెప్పే మాటకు ఎప్పుడూ ఆలస్యమే.

బతుకమ్మ అట్లా కాదు. తంగేడు, గునుగు, కట్ల, బంతి, గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ అన్నీ నీటిలో కలిసేవే. సమస్య బతుకమ్మది కాదు, దాని వెంట వచ్చే కవర్లది, థర్మాకోల్ ప్లేట్లది. బతుకమ్మ చివరి రోజు, సద్దుల నాడు, మెట్ల పైన అక్కలు రెండు పెద్ద గంపలు పెట్టి నిలబడ్డారు. సత్తుపిండి, నువ్వుల పిండి పంచే మోదుగాకు దొప్పలు వాళ్లే కుట్టుకొచ్చారు. మెట్ల ముందు నీటిలో సొసైటీ వాళ్లు పాత వలతో ఒక దడి కట్టారు. పూలు ఆ లోపలే తేలుతూ ఉన్నాయి. మూడో రోజు వాటిని తీసి దెక్క ఎరువు కుప్పలో వేశారు. ఇన్ని పూలు ఒకేచోట కుళ్లితే వాటికీ ఆక్సిజన్ కావాలి కదా అని సొసైటీ పెద్దే అన్నాడు. మొదట కొందరు ముసలమ్మలకు బతుకమ్మను నీళ్ల నుంచి తీయడం నచ్చలేదు. గౌరమ్మను సాగనంపాక, రెండు రోజులాగి తీస్తున్నాం, మట్టిలోనే కలుపుతున్నాం అని చెప్తే ఒప్పుకున్నారు.

అక్టోబర్

ఇప్పుడు చేయాల్సినవి. మడి ముందరి గుంతలో మడ్డి సగానికి వచ్చింది, దీపావళి లోపు తీయాలి, లేకపోతే మడ్డి కంకరలోకి పోయి మడి మూసుకుపోతుంది. దీన్ని ఎప్పటికీ చేస్తూ ఉండాలి కాబట్టి పంచాయతీ కార్మికుల నెల పనుల్లో రాయించాం. ఎస్సీ కాలనీ వైపు నుంచి వచ్చే రెండో మోరీకి ఇంకా ఏమీ చేయలేదు. అక్కడ జాగా ఇరుకు, వాలు తక్కువ. సారు కొలతలు తీసుకున్నాడు, యాసంగి నాట్లు అయ్యాక, నీళ్లు తగ్గినప్పుడు మొదలుపెడతాం. దానికి కంకర, ఒక జాలి, మెట్టతామర దుంపలు కావాలి. దుంపలు మొదటి మడిలోనే సరిపోయేటన్ని పెరిగాయి.